ఎన్ని మాటలు రాస్తే గూగుల్‌లో పైకొస్తుంది? రాయగడ ట్రావెల్స్ సైటు కేస్ స్టడీ

ఒడిశాలోని రాయగడలో కార్లు అద్దెకిచ్చే ఒక ట్రావెల్స్ వారి తెలుగు వెబ్‌సైటు మీద చేసిన పని ఇది. వాళ్ళ గిరాకీ రెండు రకాలు. పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే యాత్రికులు ఒకరు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురాల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు రెండోవారు. అప్పట్లో సైటులో 31 పేజీలుండేవి. ఏ పేజీ అయినా 2,000 మాటలకు తగ్గకూడదన్న నియమం పెట్టుకుని రాయించారు. రాయలేక వదిలేసిన పేజీలు మాత్రం అంతకు తక్కువలోనే, కొన్నయితే నాలుగైదు వందల మాటల దగ్గరే ఆగిపోయాయి.

పేజీలన్నీ ఇండెక్స్ అయ్యాయి, అంటే గూగుల్ జాబితాలోకి ఎక్కాయి. జనం వెతికే మాటలకు మాత్రం ఫలితాల రెండో పేజీలోనో మూడో పేజీలోనో కనబడేవి, ఫోన్లు వచ్చేవి కావు. యజమాని అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: 2,000 చాలకపోతే 3,000 చేయిద్దామా?

అక్కర్లేదు. ఒక పేజీని 1,850 మాటల నుంచి 340కి కుదించాల్సి వచ్చింది. ఇంకోదాన్ని 420 నుంచి 1,300కి పెంచాల్సి వచ్చింది. రెండింటికీ కారణం ఒక్కటే. వెతికే మనిషి మనసులో ఎన్ని ప్రశ్నలున్నాయో ముందు లెక్కపెట్టాలి, మాటల లెక్క ఆ తర్వాత దానంతటదే తేలుతుంది.

2,000 అనే అంకె ఎక్కడిది

గూగుల్ ఈ విషయంలో దాపరికం లేకుండా చెప్పింది. ఉపయోగపడే కంటెంట్ గురించిన తన మార్గదర్శకాల్లో, గూగుల్‌కి ఫలానా మాటల లెక్క ఇష్టమని విని ఆ లెక్కకు రాస్తున్నారా అని అడిగి, మాకు అలాంటిదేమీ లేదని అక్కడే జవాబిచ్చింది. కొత్తవాళ్ళ కోసం రాసిన ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే పని) గైడ్‌లోనూ కనిష్ఠమో గరిష్ఠమో అంటూ మాయ అంకె ఏదీ లేదనే ఉంది.

మరి అందరి నోటా 2,000 ఎందుకు ఆడుతోంది? సర్వేల వల్ల. బ్యాక్‌లింకో అనే ఎస్‌ఈఓ సంస్థ వారు 2016లో వేసిన లెక్కలో మొదటి పేజీ ఫలితాల సగటు 1,890 మాటలు వచ్చింది. 2020లో 1.18 కోట్ల ఫలితాలు తీసుకుని చూస్తే 1,447 వచ్చింది. ఇలాంటి అంకెల నుంచే 2,000 అన్న ప్రచారం పెరిగింది. 2020 లెక్కలోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు: ఒకటో స్థానం నుంచి పదో స్థానం దాకా మాటల సగటు ఇంచుమించు సమానంగానే ఉంది. అంటే మొదటి పేజీలో పైనున్నదాన్నీ కిందున్నదాన్నీ వేరు చేసింది పొడవు కాదు. పొడవైన వ్యాసానికి ఇతర సైట్ల నుంచి లింకులు ఎక్కువ పడే అవకాశం ఉంటుంది. లోతుగా రాసేవాళ్ళకి ముందే పేరున్న సైట్లుంటాయి. ఆ బలాలన్నీ మాటల లెక్కలో కలిసిపోయి కనబడతాయి.

ఇక యోస్ట్ ప్లగిన్ దీపం. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కి జోడించే ఈ పనిముట్టు, రాసినదాన్ని బట్టి రంగు దీపం చూపిస్తుంది. 300 మాటలకు తగ్గితే మామూలు పోస్టుకి హెచ్చరిక చూపిస్తుంది, మూల వ్యాసమని గుర్తుపెడితే 900 అడుగుతుంది. ఆ దీపం పచ్చగా మారడం కోసమే ఈ సైటులో ప్రతి పేజీ మొదట్లో "ప్రకృతి ఒడిలో ఒదిగిన ఒడిశా" అంటూ రెండు పేరాల ఉపోద్ఘాతం చేరింది. 31 పేజీల్లో 19 పేజీలకు ఆ ఉపోద్ఘాతం దాదాపు ఒకే మాటల్లో ఉంది. పాఠకుడి అవసరం తెలియని దీపాన్ని తృప్తిపరచడానికి పాఠకుడి సమయం ఖర్చుపెట్టడం నిజంగా బాధాకరం.

తెలుగు మాట, ఇంగ్లీషు మాట ఒకే తూకానివి కావు

"బస్టాండ్ నుంచి రైల్వేస్టేషన్‌కి నడిచి వెళ్ళొచ్చు." తెలుగులో ఇవి 5 మాటలు. ఇదే సంగతి ఇంగ్లీషులో మామూలుగా రాస్తే 11 మాటలవుతాయి. "వెళ్ళాలనుకునేవాళ్ళకి" మనకు ఒక్క మాటే, ఇంగ్లీషులో ఆరు. విభక్తి, కాలం, పురుష, వచనం అన్నీ మాటకే అతుక్కునే భాషకి, ఒక్కో ముక్కనీ విడివిడిగా రాసే భాష కొలత పెడితే తెలుగు రాసేవాళ్ళ మీద ఊరకే బరువు పడుతుంది. 300 తెలుగు మాటల్లో పట్టే విషయం ఇంగ్లీషులో 500కి అటూ ఇటూ సాగుతుంది. రాసేవాళ్ళు పాపం విషయం అయిపోయాక కూడా రాస్తూనే ఉంటారు.

అక్షరాల లెక్క ఇంకా దారి తప్పిస్తుంది. "స్టేషన్" కంటికి మూడక్షరాలు: స్టే, ష, న్. కంప్యూటర్‌కి అవి ఏడు: స, పొల్లు, ట, ఏత్వం, ష, న, మళ్ళీ పొల్లు. ఎక్సెల్‌లో లెన్ ఫార్ములా పెడితే 7 అనే చూపిస్తుంది. టైటిల్ 60 అక్షరాలు దాటకూడదన్న ఇంగ్లీషు సలహాను ఆ ఫార్ములాతో తెలుగుకు వర్తింపజేసి మంచి టైటిళ్ళను మధ్యలో నరికేశారు. గూగుల్ టైటిల్‌ని అక్షరాల లెక్కతో కత్తిరించదు, తెర మీద పట్టే వెడల్పును బట్టి కత్తిరిస్తుంది. అందుకని ఊరి పేరు, విషయం మొదట రావాలి. ట్రావెల్స్ పేరు చివర ఉండాలి, అది తెగిపోయినా నష్టం లేదు.

పేజీ చిరునామా దగ్గర అసలైన చిక్కు వచ్చింది. వర్డ్‌ప్రెస్ తెలుగు టైటిల్ నుంచి చిరునామాను తానే తయారుచేస్తుంది. అందులో ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులు (%), ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన తొమ్మిది గుర్తులుగా మారుతుంది, మొత్తానికి హద్దు 200. "రాయగడ మజ్జిగౌరి గుడి దర్శనం" తీసుకోండి. రాయగడకి 45, మజ్జిగౌరికి 81, గుడికి 36, మధ్యలో రెండు గీతలతో కలిపి 164. ఇంకో గీత, ఆపై "దర్శనం"కి 54 కలిపితే 219. హద్దు దాటింది కాబట్టి చిరునామా "రాయగడ-మజ్జిగౌరి-గుడి-దర్" దగ్గర తెగింది. పేజీ పనిచేస్తుంది. కానీ వాట్సాప్‌లో పంపితే కొన్నిచోట్ల ఆ శాతం గుర్తుల వరస అంతా పొడుగ్గా కనబడి, జనం భయపడి నొక్కరు. చిరునామాని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలకు కుదించి, పాతదాని నుంచి 301 మళ్ళింపు (శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపేది) పెట్టడంతో ఇది సర్దుకుంది. ఆ మళ్ళింపును కనీసం ఏడాది తీసేయకూడదు. అసలు తీయకపోతే ఇంకా మేలు.

ప్రశ్నలు ఏరిన పద్ధతి

సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, కాలం 16 నెలలు పెట్టాలి. అంతకన్నా వెనక్కి డేటా ఉండదు. పేజీ ఫిల్టర్‌లో ఒక్క పేజీ చిరునామా పెట్టి, క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా దించుకోవాలి. తెరమీద వెయ్యి వరసలకు మించి రావు. చాలా తక్కువ మంది వెతికిన మాటల్ని గోప్యత కోసం దాచేస్తారు కనుక, వరసలు కూడితే పైనున్న మొత్తానికి సరిపోదు. అది తప్పు కాదు, కంగారు పడక్కర్లేదు.

తెలుగు లిపిలో వెతికినవాళ్ళను విడదీయడానికి క్వెరీ ఫిల్టర్‌లో కస్టమ్ రెజెక్స్ (అక్షరాల నమూనాతో ఏరే పద్ధతి) ఎంచుకుని [అ-హ] అని పెడితే చాలు. మిగిలినవాటిలో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన తెలుగు ఉంటుంది, దాన్ని కంటితోనే ఏరాలి. ఈ రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఊరి పేర్ల స్పెల్లింగులు అక్కడ బయటపడతాయి.

రిపోర్టు ఒక్కటే సరిపోదు. ఎక్కడా కనబడని పేజీకి క్వెరీలే ఉండవు కదా. అందుకే ట్రావెల్స్ కౌంటర్‌లో ఫోను పక్కన ఉండే నోటుబుక్కు రెండో ఆధారమైంది. "బాబూ, అక్కడ భోజనం దొరుకుతాదా?", "మా అమ్మకి మోకాళ్ళ నొప్పి, మెట్లెన్ని?", "పొద్దున బయల్దేరితే చీకటి పడకుండా తిరిగొచ్చేస్తామా?" ఏ టూల్ కూడా ఇంత తేటగా ప్రశ్నలివ్వదు. నాలుగు వారాలపాటు వచ్చిన ప్రతి ఫోనుకీ ఒక వరస రాయించి, ఒకే ప్రశ్నను వేరువేరు మాటల్లో అడిగినవన్నీ ఒకచోట చేర్చారు.

తర్వాత ఒక్కో ప్రశ్నకీ ఎదురుగా మనిషికి చెప్పినట్టు జవాబు రాయాలి, ఎన్ని మాటలు పట్టాయో పక్కన వేయాలి. ఆ కూడికే పేజీ పొడవు.

కుదించిన పేజీ: గుణుపురం రైలు

గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడకి వచ్చే రైలు గురించిన పేజీ ఇది. 1,850 మాటలుండేది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైట్ రైల్వే, 2 అడుగుల 6 అంగుళాల చిన్న పట్టాలు, 1931లో గుణుపురం దాకా పొడిగింపు, బ్రాడ్‌గేజ్ మార్పు, ఇవన్నీ అయ్యాక ఎక్కడో 1,400వ మాట దగ్గర టైమింగ్స్ వచ్చేవి. అవీ టైంటేబుల్‌ని ఫోటో తీసి పెట్టిన బొమ్మలో! బొమ్మలోని అంకెల్ని మామూలు పాఠంలా లెక్కకు తీసుకుంటారని ఆశపడకూడదు. చిన్న ఫోనులో మనిషి కూడా వాటిని చదవలేడు.

ఈ పేజీకి వచ్చేవాళ్ళ ప్రశ్నలు ఆరే: ఏ స్టేషన్‌లో ఎక్కాలి, ఏ రోజుల్లో ఉంది, ఎన్నింటికి, టికెట్ ఎక్కడ, విశాఖ వైపు వెళ్ళాలంటే ఎలా, తిరుగు బండి ఎప్పుడు. ఆరింటికీ కలిపి 340 మాటలు, ఒక పట్టిక సరిపోయాయి. పట్టికను బొమ్మగా కాక అసలు పట్టికగానే పెట్టి, దాని నెత్తిన "ఈ వేళలు చివరిసారి సరిచూసిన తేదీ" అన్న వరస చేర్చారు. చరిత్రను పారేయలేదు. అది ఆసక్తి ఉన్నవాళ్ళు వెతికేదే, కాబట్టి 900 మాటల వేరే పేజీ అయింది.

కుదించాక రెండు మూడు వారాలకి, అంతకుముందు హోమ్‌పేజీకి వెళ్ళిన "గుణుపూర్ ట్రైన్ టైమింగ్స్" తరహా క్వెరీలు ఈ పేజీకే చేరడం మొదలైంది.

ఇక్కడ ఒకరు మంచి సందేహమే అడిగారు: పొడవైన పేజీలో ఒక పేరాను విడిగా అర్థం చేసుకునే పద్ధతి గూగుల్‌కి ఉందిగా, విడగొట్టడం దేనికి? ఉన్నమాట నిజమే. అది 2021 ఫిబ్రవరిలో అమెరికా ఇంగ్లీషుతో మొదలైంది. దాన్ని నమ్ముకుని తెలుగు పేజీలో టైమింగ్స్‌ని అడుగున పాతిపెట్టడం తెలివైన పని కాదు. గూగుల్ తవ్వుకున్నా ఫోను పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు తవ్వుకోడు.

పెంచిన పేజీ: గుప్తేశ్వరం

జయపురం నుంచి బొయిపారిగూడ, రామగిరి మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. అడవి మధ్య, శబరి ఒడ్డున, సున్నపురాయి గుహలో శివలింగం. పాత పేజీలో 420 మాటలున్నాయి, అందులో సగం విశేషణాలే. "మనోహరమైన", "అద్భుతమైన" అన్నవి తీసేస్తే దారి కూడా మిగల్లేదు.

నోటుబుక్కులో ఈ ఒక్క చోటు గురించి పన్నెండు వేరువేరు ప్రశ్నలు తేలాయి. దారి వివరానికి 180 మాటలు, రోడ్డు ఎలా ఉంటుంది, ఏ బండి మేలు అన్నదానికి 150, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రయాణం ఎలా అమర్చుకోవాలో 160 పట్టాయి. మెట్లు, పెద్దవాళ్ళ ఇబ్బంది 120. శివరాత్రి రద్దీకి 170, ఎందుకంటే ఆ రోజుల్లో కారు ఎక్కడ ఆపుతారు, ఎంత నడవాలి అన్నవి విడిగా చెప్పాల్సిందే. గుహలో చీకటి, భోజనం, మంచినీళ్ళు, బస, ఫోన్ సిగ్నల్, బండి ఖర్చు, చీకటి పడకముందే బయటపడటం కలుపుకుంటే మొత్తం 1,300. ఒక్క వాక్యం కూడా సాగదీసింది కాదు. డ్రైవర్లను కూర్చోబెట్టి అడిగి రాసినవి. అడవి దారిలో పెట్రోలు చివరగా ఎక్కడ కొట్టించుకోవాలన్న మాట ఏ టూల్‌లోనూ దొరకలేదు, డ్రైవరు మాత్రం మొదటి మాటగా అదే చెప్పాడు.

శీర్షికలు కూడా ప్రశ్నల్లాగే పెట్టారు. వాటికి ఎఫ్‌ఏక్యూ మార్కప్ (ఇవి ప్రశ్నలూ జవాబులూ అని గూగుల్‌కి చెప్పే కోడ్) జోడించలేదు. 2023 ఆగస్టులోనే గూగుల్ ఆ ప్రత్యేక ఫలితాలను పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది, ట్రావెల్స్ సైటుకి ఆ శ్రమ దండగ.

పొడవుతో తీరని జబ్బు: ఊరి పేరు

జయపురం పేజీ అప్పట్లో సైటు మొత్తానికీ పెద్దది, 3,100 మాటలు. టైటిల్‌లో "జైపూర్" అని రాశారు. ఒడియావాళ్ళు, రైల్వేవాళ్ళు పలికే ఉచ్చారణకు అది దగ్గరే, కానీ తెలుగులో "జైపూర్" అని కొట్టినవాడికి గూగుల్ రాజస్థాన్ చూపిస్తుంది. పదివేల మాటలు రాసినా హవామహల్‌తో పోటీపడి గెలిచేది లేదు. "జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా" అని టైటిల్ మార్చి, మొదటి వాక్యంలో జేపూర్, జైపూర్ అని కూడా పిలుస్తారని ఒక్కసారి చెప్పి వదిలేశారు. రాయగడకీ ఇదే కష్టం. మహారాష్ట్రలో రాయగడ్ కోట ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌గఢ్ ఉంది. పక్కన "మజ్జిగౌరి" అనో "ఒడిశా" అనో లేని టైటిల్ ఆ రెండింటి మధ్య నలిగిపోతుంది.

సరిహద్దు ఊళ్ళకి ఇది తప్పదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక పర్లాకిమిడి అటు వెళ్ళింది, కాగితాల్లో పర్లాఖెముండి అయింది. ఇళ్ళల్లో పర్లాకిమిడిగానే ఉంది. బరంపురం బోర్డుల మీద బ్రహ్మపూర్, పాత పుస్తకాల్లో బెర్హంపూర్. అన్ని రూపాలనూ ప్రతి పేరాలో కుక్కితే చదవడానికి వికారంగా ఉంటుంది. ఇంట్లో పలికే రూపాన్ని టైటిల్‌లో, అధికారిక రూపాన్ని మొదటి పేరాలో ఒకసారి, చిరునామాలో ఇంగ్లీషు రూపం. అంతకుమించి అక్కర్లేదు.

తప్పిన చోట్లు

పర్లాకిమిడి పేజీని అతిగా కోశారు. రైలు పేజీ ఫలితం చూసిన ఉత్సాహంలో 1,700 మాటల్ని 500కి దింపారు. గజపతి ప్యాలెస్ భాగం, కొమ్ముతో చేసే బొమ్మల భాగం రెండూ పోయాయి. ఆ మాటలతో వచ్చే ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) నెల తిరక్కుండా పడిపోయాయి. కోసే ముందు, ఆ పేజీకి ఏయే క్వెరీలు వస్తున్నాయో చూసి, ఒక్కో క్వెరీకి జవాబిచ్చే పేరాను ముట్టుకోకూడదని గుర్తుపెట్టాలి. ఈ అడుగు వేయకుండానే కత్తెర పట్టుకున్నారు. రెండు భాగాల్నీ తిరిగి చేర్చాక పేజీ 1,050 దగ్గర నిలిచింది.

రెండో తప్పు పాతది. ఒక ఆలయం కరపత్రం పాఠాన్ని డీటీపీ సెంటర్ నుంచి తెచ్చి నేరుగా అతికించారు. అది అను ఫాంట్లలో టైపు చేసినది, అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కని తెలుగు. గూగుల్‌కి మాత్రం అర్థంలేని గుర్తుల గుట్ట. 700 మాటలు రాసి ఒక్క మాట కూడా లెక్కకు రాలేదు. కన్వర్టర్‌తో మార్చాక వత్తులు, ముఖ్యంగా ర వత్తు, య వత్తు, వరసగా చూసుకుని దిద్దాలి. అవి తప్పిపోతే క్వెరీతో మాట కలవదు.

మజ్జిగౌరి గుడి మీద రెండు పేజీలుండేవి. 2,600 మాటల "రాయగడ పూర్తి గైడ్" ఒకటి, గుడి పేజీ మరొకటి. ఒకే క్వెరీకి ఒక వారం ఇది, ఇంకో వారం అది. సెర్చ్ కన్సోల్‌లో ఆ క్వెరీ మీద నొక్కి పేజీల ట్యాబ్ చూస్తే ఈ దాగుడుమూతలు తెలుస్తాయి. గైడ్‌లోని గుడి భాగాన్ని గుడి పేజీలో కలిపేసి, గైడ్‌లో రెండు వాక్యాలూ ఒక లింకూ ఉంచారు. నాగావళి మీద వేలాడే వంతెన, హాథీపత్థర్ గైడ్‌లోనే ఉన్నాయి. ఒక్కోదానికి వేరే పేజీ పెట్టేంత ప్రశ్నలు వాటికి రాలేదు.

ఫలితాల్ని కొలిచిన తీరు

ఈ సైటులో శాతాలు చెప్పడం మోసమవుతుంది. నెలకి పది క్లిక్కులొచ్చే పేజీకి ఇరవై వస్తే నూరు శాతం పెరుగుదల అని రిపోర్టు రాయొచ్చు, అది ఒక్క పెళ్ళిబృందం ప్రయాణం వల్ల కూడా రావచ్చు. అందుకని మూడు సంగతులే చూశారు: సరైన క్వెరీకి సరైన పేజీ వస్తోందా, కొత్త ప్రశ్నలకు ఇంప్రెషన్లు మొదలయ్యాయా, ఫోను చేసినవాడు పేజీలో ఉన్న సంగతినే మళ్ళీ అడుగుతున్నాడా. మూడోది నోటుబుక్కులోనే తెలుస్తుంది.

28 రోజుల్ని అంతకుముందు 28 రోజులతో పోల్చడం గుళ్ళ పేజీలకు పనికిరాదు. చైత్రంలో మజ్జిగౌరి ఉత్సవాలకి, మాఘంలో శివరాత్రికి వెతుకులాట తానే ఎగసి, తానే పడుతుంది. కిందటేడు అవే రోజులతో పోల్చాలి. పండగ తిథి తేదీ మారుతుంది కాబట్టి తేదీతో కాకుండా పండగతో పండగను పోల్చుకోవాలి. 16 నెలల డేటా అందుకు సరిపోతుంది, కానీ ఆ తర్వాత పోతుంది. అందుకే పండగ అయిన వారం లోపల రిపోర్టు దించి దాచుకోవడం పనిలో భాగమైంది.

మిగిలిన పేజీలు ఇదే వరసలో నడుస్తున్నాయి. 31లో ఏడు కలిసిపోయి, రెండు కొత్తవి చేరి ఇప్పుడు 26 ఉన్నాయి. అన్నిటికన్నా చిన్న పేజీ 210 మాటలు: రాయగడ స్టేషన్ నుంచి గుడికి ఎలా వెళ్ళాలో.  రైలు పేజీ బాధ్యత కౌంటర్‌లో కూర్చునే అబ్బాయికి అప్పగించారు. ప్రతి నెలా ఒకటో తారీఖున వేళలు సరిచూసి, ఏదైనా మారితే పట్టిక దిద్ది, తేదీ మారుస్తాడు. సరిచూడకుండా తేదీ ఒక్కటే మార్చకూడదని స్క్రీను పక్కన కాగితం అంటించారు. నౌపడ స్టేషన్‌లో బండి వెళ్ళిపోయాక నిలబడే మనిషికి ఆ తేదీయే సమాధానం చెప్పాలి మరి.